బద్ధకం కాదన్న మా అత్తగారు

మా అత్తగారు పోయి నేటికి పదహారు రోజులు. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని మంచమెక్కారు. మళ్లీ లేవలేదు. ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయింది, అదృష్టవంతురాలని వచ్చినవాళ్లంతా అన్నారు. నిజమే. కానీ ఆవిడ మా ఇంట్లో ఏం చేశారో వాళ్లెవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

రోలుగుంట దగ్గర పల్లెలో చెరకు, వరి పండించిన మనిషి. మామగారు పోయాక చోడవరం వచ్చి మాతో ఉన్నారు. అప్పటికి మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. ఉన్నట్టుండి అది కాలేజీ మానేసింది. ముందు కడుపునొప్పి అంది. తర్వాత బస్సెక్కాలంటే చేతులు చల్లబడిపోతున్నాయంది. ఆ తర్వాత ఏమీ అనడం మానేసింది. స్నానం లేదు, జడ లేదు, రోజంతా గోడవైపు తిరిగి పడుకునేది.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లల సంగతులన్నీ నాకు తెలుసనుకునేదాన్ని. ఒకరోజు స్కూలుకి టైమైపోతుంటే దాని దుప్పటి లాగేసి, "ఈ బద్ధకంతో ఏమైపోతావే?" అని అరిచాను. అది ఏడవను కూడా లేదు. "నేను లేకపోతే మీకే బాగుంటుందమ్మా" అంది.

దుప్పటి ఇంకా నా చేతిలోనే ఉంది. వెనక గుమ్మంలో అత్తగారి గొంతు వినబడింది.

"బద్దకం కాదమ్మా అది. జబ్బు. దుప్పటి దానికిచ్చీ."

ఆవిడ వెంట వంటింట్లోకి వెళ్లి, ఏం చెయ్యాలో తోచక, "దిష్టేమో అత్తయ్యా?" అన్నాను.

"దిష్టీ లేదు, గాలీ లేదు. మీ ఆయన పుట్టినాక నాకూ ఇలాగే వచ్చింది. పిల్లడేడుస్తంటే ఎత్తుకోబుద్దయ్యేది కాదు. నూతికేసి సూస్తా కూసునేదాన్ని. దెయ్యం పట్టిందని వేపమండల్తో కొట్టేరు. నీకేటవుతందని ఒక్కలూ అడగలేదు. సెలవెట్టు. పట్నంలో డాక్టరుకి సూపిద్దాం."

ఇన్నేళ్లూ ఆ మాట కొడుక్కి కూడా చెప్పలేదట. ఆ సాయంత్రం చెప్పారు. మా ఆయన తల వంచుకుని, "పిచ్చి డాక్టరంటే ఊళ్లో ఏమనుకుంటారమ్మా? రేపు దాని పెళ్లి..." అని నసిగారు.

"పిల్లుంటే కదరా పెళ్లి," అన్నారావిడ.

మర్నాడే విశాఖపట్నం వెళ్లాం. మందులిచ్చారు. వారం వారం రమ్మన్నారు. ప్రతిసారీ ఆవిడా వచ్చేవారు. ఇంట్లో ఉన్నప్పుడు దాని మంచం పక్కన పీట వేసుకుని చింతపండులో పిక్కలు తీసేవారు. ఏమీ అడిగేవారు కాదు. నేను గదిలోకి తొంగిచూసి, తిన్నావా, చదివావా అంటే, "అడక్కమ్మా. పక్కనుండు, సాలు" అని నన్ను ఆపేవారు. అలా ఎన్ని రోజులు గడిచాయో. ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి అమ్మాయి కింద కూర్చుని, మామ్మతో పాటు పిక్కలు తీస్తోంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చి, వంటింట్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చాను.

అంతటితో అయిపోలేదు. కాస్త బాగుందని అది మందులు మానేస్తే మళ్లీ మొదటికొచ్చింది. నేను కుంగిపోయాను. "జొరం తిరగబెట్టదేటి? ఇదీ అంతే," అని ఆవిడ మళ్లీ చెప్పులేసుకున్నారు. ఏడాది పోయినా పిల్ల కాలేజీలో చేరింది. ఇప్పుడు అనకాపల్లిలో డిగ్రీ చదువుతోంది.

కర్మకాండ అయి బంధువులంతా వెళ్లిపోయాక, మొన్న అమ్మాయి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "అమ్మా, మళ్లీ భయంగా ఉంటోంది. నిద్ర పట్టట్లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్దామా?"

తనంతట తానే అడిగింది. వెళ్దామన్నాను.

నిన్న విశాఖపట్నం బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటగానే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. గాలికి దాని జుట్టు నా ముఖమంతా పడుతోంది. తీసుకుంటే ఎక్కడ లేస్తుందోనని, సబ్బవరం దాటినా అలాగే ఉండిపోయాను.