అత్తగారి మూతికి మూడు పేర్లు

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, ఒక వస్తువుకు నేను సరైన పేరు పెట్టేదాకా అది లోకంలో లేనట్టేనని నా గట్టి నమ్మకం. ఆ వయసులో నమ్మకాలు తప్ప నాకు వేరే ఆస్తి లేదు కాబట్టి దాన్ని జాగ్రత్తగానే చూసుకున్నాను. గుడివాడలో కంప్యూటర్ల డిగ్రీ పూర్తి చేసి, ఇంట్లో రోజూ వినిపించే "ఏమైనా వచ్చిందా?" అనే ప్రశ్న తప్పించుకోవడానికి పెడనలో మేనత్త ఇంటికి చేరాను. అత్తయ్య భర్త, మా మావయ్య, కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కేవాడు. వసారా గోడ పొడుగునా అరల్లో ఆయన ముప్ఫై ఏళ్ల పని వరసగా ఉండేది. ఒక్కొక్క అచ్చుకీ ఒక పేరు. ఆ పేర్లే నాకు నచ్చలేదు.

ఆ వేసవిలోనే ఇంటర్నెట్‌లో ఒక ఉమ్మడి బొమ్మల భాండాగారం నా కంటపడింది. ఏ దేశం వాళ్లయినా తాము తీసిన ఫొటోలు అందులో పెట్టొచ్చు, ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు. నడిపేది జీతంలేని కార్యకర్తలు (ఆ పనికి కావలసిన అర్హత నాకు అప్పటికే ఉంది). నియమాలు తేలికైనవే. ఫొటోకు ఒకటే పేరు, అది ఏ భాషలోనైనా ఉండొచ్చు. కింద వివరణ ఎన్ని భాషల్లోనైనా రాయొచ్చు. ఫొటోలను సర్దే వర్గాల పేర్లు మాత్రం అందరికీ వీలుగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇంతే. "ఏ భాషలోనైనా" అన్న ఆ ఒక్క వెసులుబాటు నాలాంటివాళ్ల చేతికి ఇవ్వకుండా ఉండవలసింది.

మావయ్య అచ్చులు ఒక్కొక్కటే తుడిచి అందిస్తుంటే నేను ఎండలో పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీశాను. కళాత్మకంగా ఉంటుందని ప్రతిదాన్నీ కొంచెం వంకరగా, ఒక మూల తెగిపోయేలా తీశాను.

"ఇది చీమలబారు. ఇది జీడిపిందె. ఇది అత్తగారి మూతి," అన్నాడు మావయ్య.

"అదేం పేరు మావయ్యా?"

"మా పెళ్లయిన కొత్తలో మీ నాయనమ్మగారు వచ్చారు. కాఫీలో పంచదార ఎక్కువైంది. రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ రెండ్రోజుల్లో చెక్కిందిది." రెండు ఆకులు దగ్గరగా బిగుసుకుని, ఒక కొస కిందికి తిరిగిన తీగ అది. చీరంచుకు బాగా నప్పేది. బందరు వ్యాపారులు ఆ పేరు చెప్పే అడిగేవాళ్లు. "ఆవిడకి మాత్రం చెప్పకు," అన్నాడు మావయ్య, మిగిలిన దుమ్ము ఊదుతూ.

ప్రపంచానికి అర్థం కావాలంటే ఇంగ్లీషు తప్పదని నిశ్చయించి చీమలబారును యాంట్ లైన్ అనీ, జీడిపిందెను బేబీ క్యాషూ అనీ, మూడోదాన్ని మదర్ ఇన్ లాస్ మౌత్ అనీ ఎక్కించాను. వివరణల దగ్గర అన్నిటికీ కలిపి "నైస్ డిజైన్" అని రాశాను. రెండ్రోజులు తిరక్కుండా ఏదో చలిదేశంలో ఉండే ఒక కార్యకర్త వాటిని శ్రద్ధగా సర్దిపెట్టాడు. మొదటిది పురుగుల్లోకి, రెండోది పసిపిల్లల ఆహారంలోకి, మూడోది "శిల్పాల్లో మనిషి నోరు" అనే వర్గంలోకి వెళ్లాయి. ఆయన తప్పేమీ లేదు. నేను చెప్పింది నమ్మాడు, అంతే. నేను మాత్రం ఆయనకు మన సంస్కృతి గురించి చాలా పొడుగ్గా ఒక ఉత్తరం రాశాను. రెండు వాక్యాల జవాబొచ్చింది. "క్షమించండి. వీటిని తయారుచేసినవాళ్లు వీటిని ఏమని పిలుస్తారు?"

ఎంత పొగరో అనుకున్నాను. జవాబివ్వలేదు.

ఆ పౌరుషంలో మాతృభాష గుర్తొచ్చింది. గుడివాడ నుంచి ఒక నిఘంటువు అరువు తెప్పించుకుని, పేర్లన్నీ మార్చమని దరఖాస్తు పెట్టి, పాత ఇంగ్లీషు పేర్లతో వెతికినా దొరక్కూడదని పట్టుబట్టాను. చీమలబారు పిపీలికాపంక్తి అయింది. జీడిపిందె భల్లాతకశలాటువు అయింది. అత్తగారి మూతి శ్వశ్రూవదనవక్రలత అయింది. వరస కుదరాలి కదా అని నా ఖాతా పేరు కూడా అదే ధోరణిలో మార్చుకున్నాను. అత్తయ్య కూడబలుక్కుని చదివి, "ఏదో కషాయం పేరులా ఉందే," అంది. చలిదేశం ఆయన మారుమాట లేకుండా అన్నీ మార్చిపెట్టాడు. నోళ్ల వర్గంలోంచి తీయమని అడగడానికి మాత్రం నాకు అభిమానం అడ్డొచ్చింది.

మరుసటి ఏడు, నేనింకా అక్కడే ఉండగా, వానాకాలంలో వసారా కప్పు కారింది. నానీ ఎండీ అచ్చులు కొన్ని నిలువునా చీలిపోయాయి, అత్తగారి మూతితో సహా. దాని గీత ఉన్న కాగితం ముద్దయిపోయింది. సరిగ్గా అప్పుడే బందరు నుంచి ఫోను, అదే అంచుతో పాతిక చీరలు కావాలని.

"ఈసారి లేదంటే ఇంక మనల్ని అడగడు. స్క్రీన్ ప్రింటు వాళ్ల దగ్గరికి పోతాడు," అన్నాడు మావయ్య. మామూలుగానే అన్నాడు గాని, ఉలి కింద పెట్టేశాడు.

"నీ ఫోన్లో ఉంటుంది కదే," అంది అత్తయ్య.

నేను ఫోను మార్చి ఆర్నెల్లయింది. "ఎక్కడికి పోతుంది అత్తయ్యా, ప్రపంచం దగ్గరుంది," అని ధీమాగా భాండాగారం తెరిచాను. అత్తగారి మూతి అని కొట్టాను. లేదు. ఇంగ్లీషులో కొట్టాను. లేదు. నేను పెట్టిన పేరు ఎంతకీ గుర్తు రాలేదు. నా ఖాతా పేరు అంతకంటే గుర్తు రాలేదు. నిఘంటువు ఏనాడో గుడివాడ వెళ్లిపోయింది.

"ఏం పేరు పెట్టావమ్మా?" అన్నాడు మావయ్య.

"గ్రాంథికంగా పెట్టాను మావయ్యా."

"ఎవరి కోసం?"

ఆయన కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. కోపం అనగానే చలిదేశం ఆయనా, ఆ నోళ్ల వర్గమూ గుర్తొచ్చాయి. నాకు కోపం తెప్పించిన విషయాలు మాత్రం నేను మర్చిపోను. వర్గం తెరిచాను. రాతి నోళ్లు, ఇత్తడి నోళ్లు, కోరలున్న నోళ్లు, ముక్కు విరిగిన విగ్రహాల నోళ్లు. ముగ్గురం తలలు ఆనించి చూస్తూ పోతున్నాం.

"ఆగు ఆగు, అదిగో అమ్మ," అంది అత్తయ్య.

వసారా చివర కుర్చీలో తోటకూర బాగుచేస్తున్న మా నాయనమ్మ (ఆ వారమే చూడ్డానికి వచ్చింది) తలెత్తి, "ఎవరమ్మ?" అంది.

నాయనమ్మ చెయ్యి చాపి ఫోను తీసుకుంది. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. మావయ్య జరిగిందంతా చెప్పేశాడు.

"పంచదార కాదు," అంది నాయనమ్మ. "కాఫీ చల్లారిపోయింది. అయినా నేనెప్పుడండీ మూతి ముడిచాను అల్లుడుగారూ?" అని ముడిచింది.

ఫొటోలో ఆ కొస మలుపు లేదు. నేను కళాత్మకంగా తెంచేసిన మూల అదే. మావయ్య పెన్సిలు అందుకున్నాడు.

"అత్తయ్యగారూ, కొంచెం అలాగే ఉండండి."

"ఎలాగ?"

"ఎలాగున్నారో అలాగే."

నాయనమ్మకు కోపం ఇంకాస్త పెరిగింది. పనికి అది బాగా పనికొచ్చింది. మావయ్య గీసింది చూపిస్తే పరీక్షగా చూసి, "ఎడమ ఆకు ఇంకాస్త బిగించండి," అని మళ్లీ తోటకూర ముందుకు లాక్కుంది. నాలుగు రోజుల్లో అచ్చు తయారైంది. పాతిక చీరలూ బందరు వెళ్లాయి.

నేను ఏడాది ఆలస్యంగా చలిదేశం ఆయనకు జవాబు రాశాను. మావయ్య నోటితో చెప్పిన పేర్లు చెప్పినట్టు తెలుగులో, కింద అర్థం ఇంగ్లీషులో. ముచ్చటగా మూడో పేరు పెట్టమన్నందుకు ఆయన విసుక్కోలేదు. అత్తగారి మూతిని నోళ్ల వర్గంలోంచి తీసేయమంటారా అని మాత్రం అడిగాడు. నాయనమ్మను అడిగాను. "ఉండనీ. నలుగురిలో ఉంది కదా," అంది.

ఇప్పుడు నేను బందరులో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. మధ్యాహ్నం పని తెమిలినప్పుడు ఎప్పుడైనా ఆ భాండాగారంలోకి తొంగిచూస్తాను. అందులో ప్రతి పేజీ వెనకా ఒక చరిత్ర ఉంటుంది. ఎవరు ఏనాడు ఏమని మార్చారో అంతా అక్కడ పడి ఉంటుంది, ఎవరూ చెరపలేరు. ఆ జాబితా తెరిచి, ఇరవై ఒక్క ఏళ్ల ఆ అమ్మాయి ప్రపంచం కోసం రాత్రింబవళ్లు కూర్చుని ఎక్కించిన పేర్లు పైనుంచి కిందిదాకా చదువుతాను. ఏ ఒక్కటీ ఎవరికీ పనికిరాలేదు. ఒత్తులు మాత్రం ఒక్కటీ తప్పు పోలేదు.