మందుకన్నా ముందు మంచం చూసిన సిస్టరమ్మ

మా పక్క ఫ్లాట్ సిస్టరమ్మ పోయారు. ఆదివారం పొద్దున వాళ్లబ్బాయి ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "అన్నయ్యా, అమ్మ ఇక లేదు" అన్నాడు. "వస్తున్న" అని పెట్టేశాను.

గుంటూరు వైపు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో గోపన్‌పల్లిలోని మా అపార్ట్‌మెంట్‌కు వచ్చారు. వాచ్‌మన్ మొదలు అందరికీ ఆవిడ సిస్టరమ్మే. ఆదివారం చర్చి, పొద్దున వాకింగ్ తప్ప వేరే లోకం లేని ఆ మనిషికీ నాకూ స్నేహం కుదిరింది బీరు వల్లనంటే మీరు నమ్మరు.

నాకు ఇంట్లో బీరు చేసే పిచ్చి పట్టిన కొత్తలో జరిగింది. బార్లీ మాల్ట్ ఉడికించి, ఆ తీపి నీళ్లు చల్లార్చి, మూత బకెట్‌లో పోసి, ఈస్ట్ చల్లాను. ఈస్ట్ ఆ తీపిని తింటూ పనిచేస్తే మూతకున్న గొట్టంలోంచి బుడగలు రావాలి. రాలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను మాటిమాటికీ మూత తీసి తొంగిచూసేవాణ్ణి. చేసేది సాఫ్ట్‌వేర్ సపోర్ట్ ఉద్యోగం. ఏది నెమ్మదించినా ఇంకేదో ఒకటి తెచ్చి ఎక్కించడం మాకు అలవాటు. అలాగే ఇంకో ఈస్ట్ ప్యాకెట్ కత్తిరిస్తుంటే, తలుపు తీసే ఉండటంతో, వాసనకు సిస్టరమ్మ లోపలికొచ్చారు.

"ఏంటి బాబూ, రాగిజావ మాడ్చావా?"

"బీరు, సిస్టరమ్మా. గిదేందో ఉలుకు లేదు, పలుకు లేదు. ఇంకింత మందు ఏస్తున్న."

మొహం చిట్లిస్తారనుకున్నాను. ఆవిడ బకెట్ పక్కన కూర్చుని, జ్వరం చూసినట్టు అరచేయి ఆనించారు. తర్వాత తలెత్తి చూశారు. సరిగ్గా పైన ఏసీ. నేను అమెరికా టైముకు పనిచేసే గది అది, ఏసీ ఆగేదే కాదు.

"మందు వేసే ముందు మంచం చూడాలి బాబూ. చలికి ముడుచుకుపోయాడు పాపం. వంటింట్లో పెట్టు. ఆ మూత తీయమాకు. కట్టు విప్పి చూస్తా ఉంటే పుండు మానుద్దా?"

ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టిన వాణ్ణి, నాకు కొంచెం రోషమొచ్చింది. అయినా మోసుకెళ్లి, వేడి తగిలేలా ఫ్రిజ్ పక్కన పెట్టి, దుప్పటి చుట్టాను. మర్నాటికి గొట్టంలో గుడగుడమని ఒకటే గోల.

అప్పటి నుంచి బకెట్ ఉన్నన్ని రోజులూ ఆవిడ వాకింగ్ నుంచి వస్తూ మా వంటింట్లోకి తొంగిచూసేవారు. "పేషెంట్ ఎలా ఉన్నాడు?" అనేవారు. చుక్క ముట్టేవారు కాదు. మా స్నేహితులు తాగే రోజున వేయించిన పల్లీలు పంపేవారు, ఎక్కువ తాగొద్దన్న కబురుతో సహా. బుడగలు మందగిస్తే నాకు మళ్లీ కంగారు. "ఆగిపోవడం వేరు, అయిపోవడం వేరు బాబూ. తీపి మిగిలిందేమో నాలిక మీద వేసుకుని చూడు" అనేవారు. తీపి ఉండేది కాదు. ఈస్ట్ పని అయిపోయి ఉండేది.

వానలు తగ్గుతుండగా ఆవిడ ఊపిరితిత్తులకు ఇన్ఫెక్షన్ వచ్చింది. మందులు మారుతున్నాయి గానీ జ్వరం దిగలేదు. ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలని మా ఆరాటం. చేయగలిగిందల్లా ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చోవడం. డాక్టర్లు వచ్చి చెప్పేది తలూపుతూ వినేవాళ్లం. ఒక్క ముక్కకైనా ఎదురు ప్రశ్న వేసే చదువు మాకు లేదు.

నన్ను లోపలికి పంపిన రోజు ఆవిడ "చలి బాబూ" అన్నారు. తలెత్తి చూస్తే ఏసీ గాలి నేరుగా మంచం మీదికే వస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. దొరికిందనుకున్నాను. అక్కడున్న నర్సు దగ్గరికి పరుగెత్తి, "జర మంచం పక్కకు జరపండమ్మా, గంతే, తగ్గిపోతది" అన్నాను. ఆ అమ్మాయి నన్ను కసురుకోలేదు. గోడకు బిగించిన గొట్టాలూ వైర్లూ చూపించింది, ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

సిస్టరమ్మ నా మొహం చూసి నవ్వారు.

"అన్నీ బీరు బకెట్లు కాదు బాబూ."

నాతో అన్న ఆఖరి మాట అదే.

ఆవిడ కూతురు గల్ఫ్‌లో నర్సు. ఆమె వచ్చేదాకా ఆగాలి కాబట్టి హాల్లో ఫ్రీజర్ పెట్టె తెచ్చి ఆవిడను అందులో పడుకోబెట్టారు. చర్చి వాళ్లు చుట్టూ కూర్చుని పాటలు పాడుతున్నారు. మధ్యాహ్నం వాళ్లబ్బాయి నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు, "అన్నయ్యా, కూలింగ్ తగ్గినట్టుంది. ఒకసారి చూస్తావా?"

వంగి చూశాను. ప్లగ్గు వదులైంది. పట్టుకుని లోపలికి గట్టిగా నొక్కాను. మోటారు అందుకుంది, పెట్టె మళ్లీ చల్లబడసాగింది. ఆవిడ కోసం నా చేత అయిన పని అదొక్కటే. కాసేపటికి పెట్టె మీది అద్దం మసకబారి ఆవిడ మొహం కనిపించకుండా పోతుంటే, పక్కన కూర్చున్నావిడ పాట ఆపకుండానే పైటచెంగుతో తుడిచింది. అది మళ్లీ మసకబారింది.