కాజాల అత్త చుక్క

మా మేనత్తను వీధిలో అందరూ కాజాల అత్త అనేవారు. టైలరు కుట్టిన చొక్కాలకు చేత్తో కాజాలు కుట్టడం ఆవిడ పని. మా పడమటి కిటికీ పక్కన కూర్చుని ఎన్ని వేల గుండీలకు దారి చూపించిందో! నోరు కాస్త పెద్దదే. కానీ ఆవిడ తిట్టినా ముద్దుగానే ఉండేది.

ఆ ఏడు చూపు మందగిస్తోందని అత్తకు అనుమానం పట్టుకుంది. డాక్టరు ఏమంటాడోనని భయం. అందుకని పరీక్ష తనే పెట్టుకుంది. పొద్దుగూకగానే సూది పక్కన పెట్టి, ఎదురింటి నీళ్ల ట్యాంకు పైన వెలిగే పెద్ద చుక్కను చూసేది.

"ఇది కనిపించినన్నాళ్లూ సూది పడతా. కనిపించని రోజు పెట్టె మూసేస్తా" అనేది. తర్వాత మా నాన్నను అడిగేది. "ఉందా తమ్ముడూ?"

నాన్న పేపర్లోంచి తలెత్తకుండానే "ఉందక్కా, దివ్యంగా ఉంది" అనేవాడు. ఆరు నెలలు ఇదే తంతు.

రానురాను చుక్క కిందికి దిగింది. ఒక సాయంత్రం అత్త చాలాసేపు చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. "ఉందా తమ్ముడూ?"

"ఉందక్కా, దివ్యంగా ఉంది."

మర్నాడు టైలరు పంపిన మూటను విప్పకుండానే తిప్పి పంపింది. సూదుల పెట్టె బీరువా మీదికెక్కింది. తిట్లు కూడా ఆగిపోయాయి. ఇల్లు బోసిపోయి నాకు ఏడుపొచ్చేది. నాన్న బతిమాలగా బతిమాలగా నాలుగో రోజు నోరు విప్పింది.

"నీకు దివ్యంగా ఉన్న చుక్క నాకు కనపడలేదురా."

నాన్న మొహం పాలిపోయింది. ఆ సాయంత్రం మొదటిసారి కిటికీ దగ్గరికి వెళ్లాడు. నేనూ వెళ్లాను. మబ్బు తునక లేదు. చుక్కా లేదు.

"అక్కా, నేనెప్పుడూ చూడలేదే. ఉందంటే నువ్వు సంతోషిస్తావని..."

"ఆర్నెల్లుగానా! దొంగ సచ్చినోడా!"

అబ్బ, ఆ తిట్టు వినడానికి ఎంత హాయిగా ఉందో! బీరువా మీది పెట్టెను నాన్నే దించాడు.

రెండు వారాల తర్వాత, తెల్లవారుజామున పెరట్లోంచి అత్త కేక పెట్టింది. "తమ్ముడూ, ఉందా?"

నాన్న చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. పడమట మాయమైన ఆ చుక్కే, ఇప్పుడు తూర్పున, గోడమీదుగా వేగుచుక్కై వెలుగుతోంది. కళ్లు నొప్పి పుట్టేదాకా చూసి, అప్పుడు చెప్పాడు.

"ఉందక్కా."