బట్ట రెక్కల విమానం, మా ఒక్కపొద్దు

మా తమ్ముడి బిడ్డ స్వరూప విమానం నడపడం నేర్చుకుంటానన్నప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ భయపడ్డదాన్ని నేనే. చివరికి వెంట పోవలసి వచ్చిందీ నాకే. తమ్ముడు ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకమైతే పెట్టాడు. "అక్కా, నువ్వే తోలుకపో. నేను సూడలేను" అన్నాడు. వాళ్లమ్మ, అంటే మా మరదలు రాజమ్మ, సంతకాల సంగతి తెలిసిన నాటి నుంచి పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తూనే ఉంది.

స్వరూప అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడ్డ ఏడు పుట్టింది. చిన్నప్పుడు ఒకసారి పత్తి చేల మీద మందు చల్లడానికి చిన్న విమానం వచ్చింది. ఊరంతా ముక్కు మూసుకుని ఇళ్లల్లో దూరితే ఇది చేనిగట్టు మీద నిలబడి చేతులూపింది. పురుగులు చచ్చాయో లేదో గాని దీనికి మాత్రం ఆ పిచ్చి పట్టుకుంది. హన్మకొండలో డిగ్రీ చదువుతుండగా పట్నంలో చిన్న విమానాలు నేర్పే క్లబ్బు ఒకటుందని తెలుసుకుంది.

తోవలో ఎన్ని అడ్డంకులున్నాయో ముందే చెబుతాను. మీలో ఎవరైనా పిల్లల్ని పంపాలనుకుంటే పనికొస్తుంది. కళ్లు, చెవులు, గుండె చూసి డాక్టరు రాసివ్వాలి. పుస్తకాలన్నీ ఇంగ్లీషే. గాలిలో ఉన్న గంటకు ఇంతని కట్టాలి. మా లెక్కలో గంటకు ఒక మిర్చి బస్తా పోయినట్టే. అట్లాంటి గంటలు నలభై దాకా కావాలట. అన్నిటికంటే పోలీసు విచారణ గట్టిది. మాది నక్సలైట్లు తిరిగే కొత్తగూడ అడవికి దగ్గర ఊరు. ఆ రోజుల్లో మా దిక్కు పిల్లలు సైకిల్ మీద చీకట్లో వచ్చినా పోలీసులు ఆపి అడిగేవారు. విచారణకు వచ్చిన జమాదారు మంచం మీద కూర్చుని చాయ్ తాగుతూ, "విమానం నేర్సుకొని ఎవల దగ్గరికి పోతవ్ బిడ్డా?" అన్నాడు. "మీ దగ్గరికే వస్త సార్, ఎక్కించుకపోత" అంది స్వరూప. ఆయన నవ్వాడు. ఆయన నవ్వినాకే నేను గడప దగ్గర్నుంచి కదిలాను.

బయలుదేరే ముందు రాజమ్మ సమ్మక్క తల్లికి మొక్కింది. పిల్ల విమానం ఎక్కి, దిగి, క్షేమంగా ఇల్లు చేరేదాకా రాజమ్మ, నేను, స్వరూప ముగ్గురం ఒక్కపొద్దు ఉండాలి. అంటే పగలంతా పస్తు, పొద్దు గూకినాక ఒక్కపూట భోజనం. "తల్లికి మాటిచ్చిన. తప్పితే పైనుండి పడ్తది" అంది. ఆ మాట విన్నాక నోట్లోకి ఏదైనా పోతుందా?

మధ్యాహ్నం మానుకోటలో ప్యాసింజరు ఎక్కాం. మహబూబాబాదును మేం మానుకోట అనే అంటాం. మిరప బస్తాల మధ్య కొంచెం చోటు దొరికింది. వరంగల్లులో ఒకాయన ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. భూపాలపల్లి దగ్గర కొత్తగా తవ్వుతున్న బొగ్గుబాయిలో పని చేస్తాడట. ఎక్కడికి పోతున్నారని అడిగితే నేను దాచలేకపోయాను.

"ఓ అక్కా! మేం బువ్వ కోసం నేల కిందికి దిగుతున్నం. మీరు ఎదురు పైసలిచ్చి మబ్బుల్లకు పోతరా?"

"నేను పోను నాయినా, ఇగో ఈమె పోతది."

ఆయన స్వరూపను పైనుంచి కిందిదాకా చూశాడు. "గాలొస్తేనే కొట్టుకపోయేటట్టున్నది. జర తిండి పెట్టుండ్రి" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

విమానాలు పొద్దున చల్లటి వేళే ఎగురుతాయి. అందుకని ఆ రాత్రి జనగామలో మా చెల్లెలు సుగుణ ఇంట్లో ఆగి, తెల్లారక ముందే సికింద్రాబాదు బండి పట్టుకోవాలనుకున్నాం. మానుకోట నుంచి ఒక్క ఊపున పోతే పిల్ల అలసిపోతుంది. మీరూ జనగామలో ఆగడమే మేలు. మా మరిది, అంటే సుగుణ భర్త, బచ్చన్నపేట మనిషి. నోరు ఊరుకోదు. "వదినా, గాలిల ఎగిరే పిల్లను ఎవలు చేసుకుంటరు? పిల్లగానికి నిచ్చెన గూడ కొనియ్యాలె గదా!" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వుతూనే నేను చీకట్లో ఆకాశం వైపు చూశాను. ఎంత ఎత్తుందో ఆ రాత్రి కనిపించినట్టు ఎప్పుడూ కనిపించలేదు.

పొద్దున సుగుణ ఉప్మా చేసి పెట్టింది. ఒక్కపొద్దని చెప్పి ముట్టకుండానే బండెక్కాం.

సికింద్రాబాదులో దిగి ఆటోలో క్లబ్బు మైదానం చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. అక్కడ నిలబడి ఉన్న విమానం మా ఎడ్లబండి కంటే కొంచెం పెద్దది, అంతే. పక్కపక్కన రెండు సీట్లు. భయంతోనే రెక్క మీద చెయ్యి వేశాను. మెత్తగా తగిలింది.

"గిది బట్ట గదా!" అన్నాను.

"బట్టనే అమ్మా. బిగించి రంగు కొట్టినం. చినగదు" అన్నాడు మెకానిక్కు.

చీరకు చిన్న ముల్లు తగిలితేనే చినుగుతుంది. ఇక ఆయన చెప్పింది నాకెక్కడ ఎక్కుతుంది?

నేర్పే సారు పెద్ద వయసాయన, తెల్ల మీసాలు. అందరూ కెప్టెన్ సారు అంటున్నారు. కొత్తవాళ్లను ఒకసారి పైకి తీసుకుపోయి, పనికొస్తారో లేదో చూసి చేర్చుకుంటాడు. ఈ జట్టులో చేరడానికి అదే ఆఖరి రోజు. స్వరూపను దగ్గరికి పిలిచి మొదట అడిగిన మాట, "పొద్దుగాల ఏం తిన్నవ్ బేటీ?"

స్వరూప నా వైపు చూసింది. అబద్ధం ఆడుతుందనుకున్నాను. ఆడలేదు. "ఏం తినలేదు సార్, ఒక్కపొద్దు."

సారు ముఖం మారిపోయింది. "ఖాళీ కడుపుతోని నేను ఎవర్నీ ఎక్కియ్య. పైన కండ్లు తిరిగితే నువ్వు నా మీద పడ్తవ్, ఇద్దరం భూమ్మీద పడ్తం. అర్ధగంట చూస్త. ఎండెక్కితే గాలి ఎగరేస్తది, ఇగ బంద్."

తింటే తల్లికిచ్చిన మాట తప్పుతుంది, పిల్ల పైనుంచి పడుతుంది. తినకపోతే ఇన్నేళ్ల ఆశ ఇక్కడే మట్టిలో కలుస్తుంది. స్వరూప చెప్పు కొసతో నేల గీకుతోంది.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. మొక్కులో ఉన్న పిల్లకు జ్వరమొస్తే పెద్దవాళ్లు దాని పొద్దు తమ మీద వేసుకుంటారు. అప్పుడు ఆ పెద్దవాళ్లు మొక్కు తీరేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. జ్వరానికి చెల్లేది విమానానికి చెల్లుతుందా? ఎవర్ని అడగను? తల్లి ఉండే మేడారం ఎటుందో అంచనా వేసి అటు తిరిగాను. నేల మీద చెయ్యి ఆనించి, "తల్లీ, ఈ పొద్దు నాది. కోపమొస్తే నా మీద చూపియ్యి" అన్నాను.

"అత్తా, అమ్మకు తెలిస్తే?"

"అమ్మకు నేను చెప్త. ముందు నువ్ తిను."

క్యాంటీనులో ఇడ్లీ, అరటిపండు తినిపించాను. (రాజమ్మకు చెప్పాను కూడా. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.)

విమానం లేచింది. లేస్తుంటే చూడగలిగాను. చిన్నగయ్యేకొద్దీ సమ్మక్క పేరే తలుచుకున్నాను. కొంతసేపటికి చప్పుడు ఆగినట్టయింది. ముక్కు కిందికి వాలింది. నేను చెప్పులు విడిచి మైదానంలోకి పరుగెత్తాను. మెకానిక్కు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"అమ్మా, సారే ఇంజను తగ్గించిండు. పిల్ల దడుసుకుంటదా, చెప్పిన మాట ఇంటదా అని చూస్తడు."

"పిల్లను చూస్తే చూడనీ నాయినా, నన్నెందుకు చంపుతుండు!"

మళ్లీ చప్పుడు వినబడింది. ఒక చుట్టు చుట్టి వచ్చి, నేలకు తగిలి రెండుసార్లు ఎగిరి నిలబడింది. స్వరూప దిగింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. సారు ఆమెతో ఏదో మాట్లాడి, నా దగ్గరికి వచ్చి, "వచ్చే నెల నుంచి పంపుండ్రి" అన్నాడు.

మధ్యాహ్నం బండిలో తిరుగు ప్రయాణం. నా నోరు ఎండిపోయింది. స్వరూప జనగామ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తర్వాత మెల్లగా అంది.

"ఇంజను తగ్గించినప్పుడు నేను కండ్లు మూసుకున్న అత్తా. దిగినంక సారుకు చెప్పిన, బాగా భయమైందని."

"గట్ల చెప్తే ఎట్ల తీసుకున్నడే?"

"భయమైతే చెప్పెటోళ్లకే నేర్పొచ్చట. దాచెటోళ్లతోనే పరేషానట."

నాకు ఇంకొక సంగతి గుర్తొచ్చింది. "ఎప్పుడైనా నువ్ ఒక్కదానివే పోవాలెనా?"

"పోవాలె. కొన్ని గంటలు నేర్సినంక సారు దిగిపోతడు. ఒక్కదాన్నే లేపి, ఒక్కదాన్నే దించాలె."

"అప్పుడు సారు ఏడుంటడు?"

"కిందనే, నీ పక్కన. గప్పుడు ఆయనకూ భయమేనట. ఇన్నేండ్లయినా పోలేదట."

పైసలు, సంతకాలు ఎట్లాగో కుదురుతాయి. ఈ భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు, మీకూ నేను చెప్పలేను. కాని ఆ మాట విన్నాక, మానుకోటలో బయలుదేరాక మొదటిసారి, బండిలో వెనక్కి ఒరిగి కూర్చున్నాను. పెద్దవాళ్లం ఇద్దరం భయపడుతూ కింద నిలబడితే, పైనున్న ఒక్క పిల్లను దించుకోలేమా అనిపించింది.