రెండున్నర టికెట్లతో బ్రైటన్

ఎనభైల మొదట్లో నాన్నగారు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంట్లో ఆర్నెల్లు ఉండి తెనాలి తిరిగి వెళ్తుంటే, దిగబెట్టడానికి నేనూ, ఏడేళ్ల మా స్వాతీ బయల్దేరాం. దారిలో లండన్‌లో ఒక పగలు దొరికింది. అప్పట్లో మనకి ముందే వీసా అక్కర్లేదు, ఇప్పుడు కావాలి. ఇంగ్లండ్ సముద్రం చూద్దాం పదండి అన్నది నేనే. నాకో అపరాధ భావం ఉంది. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పిన మనిషి మిషిగన్‌లో బిస్కెట్లు అడిగితే ఉప్పటి బన్ను లాంటిదేదో తెచ్చిపెట్టారు. "కుకీ అనాలి తాతయ్యా" అని స్వాతి నవ్వింది. ఆయన ఎక్కడ నోరు తెరిచినా నేను అడ్డం పడి "హీ మీన్స్..." అంటూ షాపు వాళ్లకి విడమరిచేవాణ్ణి. రెండో నెలకల్లా ఆయన బయట ఇంగ్లీషు మాట్లాడటమే మానేశారు. అలాగే ఊరు వెళ్లిపోతారేమోనని నాకు బెంగ పట్టుకుంది.

విక్టోరియా స్టేషన్‌కి పదింటికి చేరాం. రానూపోనూ టికెట్లకి అమెరికా అలవాటు మాటలో "త్రీ రౌండ్ ట్రిప్స్, బ్రైటన్" అన్నాను. కౌంటర్‌లో పెద్దాయన "పార్డన్?" అన్నాడు. మళ్లీ చెప్పాను, మళ్లీ పార్డన్. వెనక నుంచి నాన్నగారు, అచ్చం బెజవాడ స్టేషన్‌లో అడిగినట్టే, "టూ అండ్ ఎ హాఫ్, బ్రైటన్, రిటర్న్" అన్నారు. "రైట్ యూ ఆర్, సర్" అంటూ టికెట్లు చేతిలో పెట్టాడాయన. ఆ హాఫ్ స్వాతిది.

రైల్లో గంట. స్టేషన్ నుంచి సముద్రానికి పావుగంట నడక, అంతా పల్లమే. దారిలో పాతకాలపు రాజుగారి విడిది ఉంది. దాని గుమ్మటాలు చూసి "మన నవాబెవరో కట్టుకుని మర్చిపోయినట్టున్నాడ్రా" అన్నారు నాన్నగారు. లోపల చూడటానికి గంట చాలు. ఒడ్డున ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకోండి.

టీ కొట్టులో నాన్నగారే టీ, బిస్కెట్లు చెప్పారు. కొట్టావిడ సరిగ్గా బిస్కెట్లే తెచ్చింది. "తాతయ్యా, షీ నోస్ యువర్ వర్డ్" అంది స్వాతి ఆశ్చర్యంగా. నేను "చెక్ ప్లీజ్" అన్నాను. ఆవిడ నా మొహం చూసింది. "హీ మీన్స్ ద బిల్" అన్నారు నాన్నగారు. ఆవిడ ఆయనతో, మీ మాట శుభ్రంగా అర్థమవుతోంది, మీ అబ్బాయిదే ఏ దేశమో తెలియడం లేదంది. నవ్వాను గానీ సిగ్గుతో చచ్చిపోయాను.

"నాన్నగారూ, అక్కడ నేను మీ మాటకి అడ్డం రాకుండా ఉండాల్సింది."

"సాయమనుకునే చేశావులేరా. నాకే, ఇన్నేళ్లూ పిల్లలకి తప్పు ఇంగ్లీషు నేర్పానేమో అనిపించింది."



అయిదింటి రైల్లో ఎదుటి సీటు ముసలి దంపతులతో ఆయన దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ ఒక్క మాటా కలపలేదు. అంత సంతోషంగా నోరు మూసుకున్న రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. ఇప్పుడు ఆయన లేరు. ఆ గొంతు మాత్రం నాకు బాగా గుర్తుంది.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. పొద్దుటి రద్దీ తగ్గాక రిటర్న్ టికెట్ చవక. మీ వెంట పెద్దవాళ్లుంటే కౌంటర్ దగ్గరికి వాళ్లనే పంపండి. వాళ్లు మాటకి తడుముకున్నా సరే, మీరు అందుకోకండి.