జముకు ఆగినంతసేపు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో అమ్మవారి పండగకి జముకుల కథ చెప్పించేవారు. మాది వంశధార కాలువ కింద ఊరు. ఒకాయన కథ చెబుతుంటే, పక్కన జముకు వాయించే ఆయన మధ్యమధ్యలో ఊరివాళ్ళని వేళాకోళం చేసేవాడు. ఎంతటి పెద్దమనిషినైనా అనొచ్చు. అయితే మాట పడ్డ మనిషి లేచి నిలబడితే జముకు ఆగిపోవాలి. ఆ మనిషి చెప్పుకునేది చెప్పుకుని కూర్చునేదాకా ఎవరూ నోరు మెదపకూడదు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో గాని, మావాళ్ళు దాన్ని అమ్మవారి మొక్కుతో సమానంగా చూసేవారు.

మా తాతయ్య కాలువ నీళ్ళకి వంతులు చెప్పే పెద్ద. ఆయన మాటకి ఎదురు లేదు. ఆ ఏడు వానలు సరిగా పడక అందరూ నీళ్ళకి కటకటలాడుతున్నారు. పండగనాడు పొద్దు వాలకముందే కథ మొదలైంది. నేను పక్కింటి మావ కూతురి చెయ్యి పట్టుకుని ముందు కూర్చున్నాను. జముకాయన తాతయ్య వైపు చూసి, ఈ ఊరి కాలువకి చుట్టరికం బాగా తెలుసు, ముందు పెద్దాయన మడిలో కాళ్ళు కడుక్కుని గాని కిందికి దిగదు అన్నాడు. ఊరంతా గొల్లుమంది. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది.

మా చిన్నాన్న ఒక్క ఉదుటున లేచి జముకు లాక్కుని నేలకేసి కొట్టబోయాడు. ఊరూరా పండగలు జరిగే రోజులవి. అది విరిగితే ఆ మనిషి నోటికాడ కూడు పోయినట్టే. తాతయ్య కూర్చున్న చోటు నుంచే నెమ్మదిగా అన్నాడు.

"ఒరే, ఇచ్చీరా. మాటన్నది ఆయన, నవ్వింది ఊరు. జముకు ఇరగ్గొడితే ఊరి నవ్వు ఇరుగుతాదేటి?"

చిన్నాన్న ఇచ్చేశాడు. అప్పుడు తాతయ్య లేచి నిలబడ్డాడు. నీళ్ళు తన మడికే ముందొచ్చిన మాట నిజమేననీ, రేపటి నుంచి వంతు కింది మళ్ళతో మొదలవుతుందనీ చెప్పి కూర్చున్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆయనకి నొప్పి తెలియలేదని మాత్రం ఎవరూ అనుకోకూడదు.

జముకాయనకి ఊపొచ్చింది. పక్కింటి మావకి నత్తి. కూలి చేసుకుని బతికే మనిషి, ఎవరి జోలికీ పోడు. ఆయన మాట్లాడే తీరుని జముకు మీద వాయిస్తూ అనుకరించాడు. జనం మళ్ళీ నవ్వారు. నా చేతిలో ఉన్న ఆ పిల్ల చెయ్యి చల్లబడిపోయింది. మావ తల దించుకున్నాడు. లేచి నిలబడే హక్కు ఆయనకీ ఉంది. లేచి మాత్రం ఏం చెప్పగలడు, నోరు తెరిస్తే ఇంకో నవ్వు.

తాతయ్య వెళ్ళి ఆయన పక్కన నిలబడి, "లెగు అల్లుడూ" అన్నాడు.

మావ లేచాడు. జముకు ఆగింది. మొదటి అక్షరం దగ్గరే మాట పట్టేసింది. వెనకాల ఎవరో కిసుక్కుమంటే తాతయ్య అటు చూశాడు, అంతే. మావ మెడ నరాలు ఉబ్బాయి. ఆయన మాట బయటికొచ్చేదాకా ఊరంతా ఆగింది. ముక్కలుగా వచ్చిన ఆ మాటని నేనే అతికించి చెబుతున్నాను.

"నన్ను సూసి నవ్వుకోండి, పర్నేదు. మా పాప ఇక్కడే కూకుని ఇంటన్నాది."

జముకాయన జముకు కింద పెట్టాడు. మా దగ్గరికొచ్చి, తప్పయిపోయింది తల్లీ అని ఆ పిల్లతో అన్నాడు. అతన్ని ఊళ్ళోకి రావద్దని ఎవరూ అనలేదు. మరుసటేడు తాతయ్యే కబురు పెట్టించాడు. వచ్చీ రాగానే అతను తాతయ్య మీసాల మీదే మొదలెట్టాడు.

ఇప్పుడు వేళాకోళమంతా ఫోన్లలోకి వచ్చేసింది. మాట పడ్డవాడు లేచి నిలబడినా అక్కడ ఆగేదేమీ లేదు. నాకు మా చిన్నాన్న పోలిక. నన్నెవరైనా ఒక మాటంటే నోరు మూయించాలని చెయ్యి లేస్తుంది, తాతయ్య గుర్తొచ్చి దించుకుంటాను. మనవలు ఎవరినో వెక్కిరించే వీడియో చూపించి నవ్వమంటే మాత్రం నాకు నవ్వు రాదు. ఆ మనిషి పాప ఎక్కడో కూర్చుని వింటూ ఉంటుందని, నా అరచెయ్యి చల్లబడుతుంది.