తివాచీ కింద నిద్రపోయిన నేల

దబ్... దబ్... దబ్...

శుక్రవారం సెలవుపూట, ఇంకా ముసుగుతన్ని పడుకున్న ఆదిశేషుకి ఆ చప్పుడు వినిపించింది. ఎవరో ఎవర్నో చావబాదుతున్నారనుకుని, లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికి పరిగెత్తాడు. క్యాంపు వెనక ఇనప గొట్టం మీద ఓ ఎర్రపూల తివాచీ వేలాడుతోంది. దాన్ని కర్రతో బాదుతున్నాడు పోచన్న. దెబ్బదెబ్బకీ పూలలోంచి దుమ్ము లేచి, ఎండలో కాసేపు బంగారంలా నిలబడి, నెమ్మదిగా రాలిపోతోంది.

"ఏంటండీ పోచన్నగారూ, పొద్దున్నే ఈ యుద్ధం?"

"యుద్ధమే శేషన్నా. గా కొస పట్టు జెర."

"మట్టిమీద పరవటానికే కదండీ. దానికి దుమ్ము దులపటం దేనికి?"

"పెద్దోళ్ళ దివాన్ల పరిచింది. ఎవల కాళ్ళకు ఏ గడ్డిగింజ అంటుకొనొచ్చిందో. ఉన్న గడ్డితోనే సస్తున్న, కొత్త సుట్టాలెందుకు?"

అది ఎనభై ఒకటో సంవత్సరం డిసెంబరు. ఉమ్ అల్ క్వైన్‌లో సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ. ఆదిశేషు అక్కడ స్టోర్‌కీపరు, అమలాపురం వైపు మనిషి. పోచన్న ఇటుకలు మోసే పని. జగిత్యాల దగ్గర పల్లె. పదమూడో ఏట నాగలి పట్టాడు, ముప్పై ఎనిమిదో ఏట విమానం ఎక్కాడు. నాలుగేళ్ళుగా ఇటుకలు మోస్తున్నా ఆ చేతులు ఇంకా మట్టినే వెతుక్కునేవి.

క్యాంపు వెనక నీళ్ళ ట్యాంకు పొర్లి పారేచోట చిన్న మడిచెక్క ఉంది. అది అచ్చంగా తుంగగడ్డికే రాసిచ్చినట్టుండేది. అక్కడ కూరగాయలు పెంచుతానని పోచన్న అడిగితే, ఫ్యాక్టరీ చూసుకునే ముదీర్ నవ్వాడు. ఆయనకి అక్కడ కాంక్రీటు పోయించి లారీలు నిలపాలని ఉంది. "కూరలు కనిపిస్తే తోట. గడ్డి కనిపిస్తే కాంక్రీటు. ఖలాస్," అన్నాడు.

ఆ అక్టోబరంతా పోచన్న తుంగని తవ్విపోశాడు. తెగిన ప్రతి గడ్డా పదిహేను రోజుల్లో రెండై లేచింది. ఖాళీ సిమెంటు సంచులు పరిస్తే గాలి చింపేసింది. ప్లాస్టిక్ కాగితం పరిస్తే తుంగ సూదిలా పొడుచుకుని పైకొచ్చి ఆకాశం చూసింది. ఆ సాయంత్రం పోచన్న అన్నం తినలేదు. గట్టుమీద కూర్చుని చాలాసేపు ఆలోచించి, ఉన్నట్టుండి లేచాడు. ఊళ్ళో గడ్డివాము తీసేసినచోట నేల ఎలా ఉండేదో గుర్తొచ్చింది. వెలుతురు సోకని ఆ గుండ్రటి జాగాలో, బరువు కింద, తుంగ కూడా ఊపిరాడక చచ్చేది.

ఎడారిలో గడ్డివాము ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఫ్యాక్టరీ యజమాని కఫీల్ ఇంట్లో, అతిథులు కూర్చునే మజ్లిస్‌కి కొత్త తివాచీలు వేశారని, పాతవి పారేశారని వాచ్‌మన్ అమీర్ జాన్ చెప్పాడు. పెషావరు మనిషి, పోచన్నకి చాయ్ దోస్తు. ఇద్దరూ పికప్‌లో తొమ్మిది తివాచీలు మోసుకొచ్చారు.

మడి నిండా రెండు పొరలు పరిచారు. అంచుల మీద విరిగిన ఇటుకలు పెట్టారు. ఇసక మధ్యలో ఎర్రపూల చెరువొకటి వెలిసింది.

"ఇక్కడ పంటకాలమే చలికాలం కదండీ," అన్నాడు ఆదిశేషు. "ఇప్పుడు దుప్పటి కప్పి పడుకోబెడితే మొక్కలెప్పుడేస్తారు? ఎండాకాలంలో అయితే వంకాయ చెట్టుమీదే వేగిపోద్దండీ!"

"ఒక్క పంట పోనీ. అడుగున దుష్మన్‌ను పెట్టుకొని మీద ఇత్తనమేస్తె, తిండి నాదా దానిదా?"

అప్పట్నుంచి సాయంత్రమైతే క్యాంపంతా ఆ తివాచీల మీదికే చేరేది. చల్లగాలి, చాయ్, ఊళ్ళ ముచ్చట్లు. ఎవరైనా అంచు ఎత్తి చూడబోతే మాత్రం పోచన్న గయ్యిమనేవాడు. "ఎత్తకుర్రి! ఎలుగు తాకితె మల్ల లేస్తది!"

ఫిబ్రవరిలో ముదీర్ ఊడిపడ్డాడు. కొత్త లారీలొచ్చాయి, వెంట కాంక్రీటు మేస్త్రీ. పోచన్న చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సరిగ్గా అప్పుడు అమీర్ జాన్ తివాచీ మీద ఓ మూల సాయంత్రపు అసర్ నమాజు చేసుకుంటున్నాడు. ముదీర్ అంచు దాకా విసురుగా వచ్చి ఆగిపోయాడు. నమాజు పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత, చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు కొద్దీ, బూట్లు విప్పాడు. బూట్లు విప్పినవాణ్ణి కూర్చోమనక తప్పుతుందా? కూర్చున్నవాడికి చాయ్ ఇవ్వక తప్పుతుందా?

"తోట ఏది?" అన్నాడు ముదీర్, గ్లాసు అందుకుని.

పోచన్న తివాచీని అరచేత్తో తట్టి, తనకొచ్చిన నాలుగు భాషల్నీ కలిపేశాడు. "జమీన్ నౌమ్, ముదీర్. సో రహా హై." చెంప కింద చెయ్యి పెట్టుకుని, పసిపిల్లలా కళ్ళు మూసి చూపించాడు. "లేస్తె జర్జీర్ ఇస్త."

జర్జీర్ ఆకుకూర లేందే అన్నం ముట్టని మనిషి ముదీర్. మేస్త్రీ వైపు చూశాడు. సాక్సుల్లో ఉన్న తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "వచ్చే చలికాలం," అని లేచాడు. "అప్పుడూ గడ్డే ఉంటే, ఖలాస్."

ఆయన కారు మలుపు తిరిగాక ఆదిశేషు అడిగాడు, "జర్జీర్ విత్తనాలున్నాయా మీ దగ్గర?"

"అదెట్లుంటదో గూడ ఎరుకలేదు శేషన్నా!"

ఎండాకాలమంతా తివాచీలు కాగాయి, పూల ఎరుపు గులాబీకి దిగింది. అక్టోబరులో, తొలి చల్లగాలి వీచిన శుక్రవారం, అందరూ చుట్టూ నిలబడగా పోచన్న ఒక కొస, ఆదిశేషు ఒక కొస పట్టి ఎత్తారు. లోపల నేల నల్లగా, మెత్తగా, అప్పుడే కళ్ళు నులుముకుంటున్నట్టుంది. పోచన్న వేళ్ళతో తవ్వాడు. తుంగ గడ్డలు ఎండు కుంకుడుకాయల్లా ముడుచుకుపోయి, నొక్కితే పొడైపోయాయి. అంచున ఒకే ఒక్క పాలిపోయిన మొలక. దాన్ని వేళ్ళతో సహా పెరికి కళ్ళ ముందు పెట్టుకున్నాడు. "నువ్వు నాకంటె మొండిదానివే!"

అమీర్ జాన్ ఎక్కణ్ణుంచో జర్జీర్ విత్తనాలు తెచ్చాడు. దాని పక్కన మెంతికూర, ఆదిశేషు కోసం రెండు సాళ్ళు గోంగూర. డిసెంబరులో ముదీర్ వచ్చి, మడిగట్టు మీద నిలబడే గుప్పెడు జర్జీర్ నమిలి, ఇంటికో కట్ట పట్టుకెళ్ళాడు. లారీల కాంక్రీటు గేటు పక్కన పోయించారు.

ఎనభై అయిదులో ఆదిశేషుకి జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోదాము ఉద్యోగం దొరికింది. బయల్దేరే పొద్దున పోచన్న చంకలో ఓ చుట్ట పెట్టుకుని వచ్చాడు. పాత తివాచీ ముక్క, లోపల పొట్లం కట్టిన గోంగూర గింజలు. ఆదిశేషు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తడిమట్టి వాసన, ఎన్నో సాయంత్రాల చాయ్ వాసన. వ్యాను హారన్ మోగింది. పోచన్న తలుపు వేసి, కిటికీలోంచి మొహం లోపలికి పెట్టాడు.

"ఆడ మన్ను కనవడంగనే తవ్వకు శేషన్నా. ముందుగాల గిది పరువు, మీద నలుగురిని కూసోపెట్టి చాయ్ పొయ్యి. కిందిదాని సంగతి అదే సూసుకుంటది."